తెడ్ల నౌకాదళం వెనకబాటుతనం కాదు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నౌకాయుద్ధాల చరిత్ర మీద వచ్చిన వ్యాసంలో ముఖ్యంగా రెండు మాటలు సరిదిద్దాలి. తెడ్లతో నడిచే యుద్ధనౌకల కాలం 1571లో లెపాంటో యుద్ధంతోనే (గ్రీసు తీరాన తుర్కులకూ క్రైస్తవ దేశాల కూటమికీ జరిగిన పోరు) తీరిపోయిందన్నది ఒకటి. ఆ తర్వాత కూడా వాటిని పట్టుకుని వేలాడిన దేశాలకు పెద్ద ఓడలు కట్టే స్తోమత లేదన్నది రెండోది. పైగా పక్కన వేసిన బొమ్మ కింద 'స్వెన్స్క్‌సుండ్ యుద్ధం, 1790' అని రాశారు. అది ఫిన్లండ్ తీరాన స్వీడన్‌కూ రష్యాకూ జరిగిన పోరు. బొమ్మలో కనబడేవి మూడు వరసల ఫిరంగులు మోసుకుంటూ నడిసముద్రంలో బారులు తీరిన తెరచాప ఓడలు. స్వెన్స్క్‌సుండ్‌లో అలాంటి ఓడ ఒక్కటి కూడా లేదు. అక్కడ గెలిచిన స్వీడన్‌వాళ్ల బలం చాలావరకు మొలలోతు నీళ్లలో తిరిగే తెడ్ల పడవల్లోనే ఉంది.

లెపాంటో జరిగాక 185 ఏళ్లకు, 1756లో, స్వీడన్ ఒక కొత్త నౌకాదళాన్ని పుట్టించింది. అంతకుముందే కార్ల్స్‌క్రోనా రేవులో వాళ్లకు పెద్ద తెరచాప ఓడల దళం ఉంది. స్తోమత లేక కాదు, ఆ పెద్ద ఓడలు చేయలేని పని ఒకటి ఉందని రెండు యుద్ధాల్లో తలబొప్పి కట్టాక తెలిసింది కాబట్టి ఈ రెండో దళాన్ని పెట్టుకున్నారు. పేరు కూడా చూడండి: అది 'సైన్యపు నౌకాదళం'. నౌకాసైన్యం కిందికి రాదు, నేల మీద నడిచే సైన్యం కిందికి వస్తుంది.

ఎందుకలా అంటే ముందు ఆ తీరం తీరు తెలియాలి. స్టాక్‌హోమ్ ముంగిట మొదలై, ఆలండ్ దీవుల మీదుగా, ఫిన్లండ్ దక్షిణ తీరం వెంట వీబోర్గ్ దాకా వేల కొద్దీ రాతి లంకలు. మన కృష్ణలో లంకంటే ఇసుకా ఒండ్రూ. పడవ మేటలో దిగబడితే గడతో తోసి, నలుగురు దిగి నెట్టి, ఎలాగో బయటపడొచ్చు. అక్కడి లంక గ్రానైట్ బండ. నీటి పైకి కనబడేది కొంత, జానెడు లోతులో దాక్కుని ఉండేది మరికొంత. తగిలితే ఓడ అడుగు చీలుతుంది. ఇంకో సంగతి, బాల్టిక్ సముద్రంలో ఆటుపోట్లు లెక్కలోకి రానంత తక్కువ. మిగతా సముద్రాల్లో అయితే ఇరుక్కున్న ఓడను తర్వాతి పోటు పైకి లేపుతుందని కాచుకోవచ్చు. ఇక్కడ ఆ ఆశ లేదు, ఇరుక్కున్నది ఇరుక్కున్నట్టే. లంకల మధ్య పాయలు ఇరుకు, వంకరటింకర. గాలి ఒక లంక చాటున పడిపోతుంది, ఇంకో లంక మలుపులో ఎదురు తిరుగుతుంది. తెరచాపను నమ్ముకున్న ఓడ అక్కడ గుడ్డిది, కుంటిది కూడా.

బందరు తీరం తెలిసిన మన పాఠకులకు ఇదేమీ వింత కాదు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం వచ్చినప్పుడు వాళ్ల ఓడలు ఒడ్డుకు రాలేకపోయాయి. తీరం అంత మెరక. మైళ్ల దూరంలో లంగరు వేసుకుని, మేకులు లేకుండా పీచుతాడుతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు ఎక్కించి దించేవారు. ఓడ ఎంత పెద్దదైనా ఆఖరి మూడు మైళ్లూ పడవవాడి దయ మీదే. ఆ ఆఖరి మైళ్లలో యుద్ధం వస్తే ఎవరిది పైచేయి? స్వీడన్‌వాళ్ల ముందున్న ప్రశ్న సరిగ్గా అదే.

వాళ్లకు ఆ ప్రశ్న నేర్పింది రష్యా చక్రవర్తి పీటర్. 1714 ఆగస్టు 7న ఫిన్లండ్ నైరుతి కొనన హాంకో దగ్గర (రష్యన్లు గాంగుట్ అంటారు) స్వీడన్ పెద్ద ఓడలు దారి కాసి నిలబడ్డాయి. వాటికి ఎదురుగా రష్యా గ్యాలీలు, అంటే తెడ్లతో నడిచే పొడుగాటి యుద్ధనౌకలు. గాలి వీస్తూ ఉంటే ఆ గ్యాలీల పని అయిపోయేదే. గాలి పడిపోయింది. పెద్ద ఓడలు అద్దంలాంటి నీళ్ల మీద బొమ్మల్లా నిలిచిపోతే, గ్యాలీలు వాటి ఫిరంగి దెబ్బకు అందనంత దూరం నుంచి చుట్టూ తిరిగి తెడ్లు వేసుకుంటూ దాటిపోయాయి. లోపలి పాయలో ఎహ్రెన్‌షియోల్డ్ అనే అధికారి కింద ఉన్న చిన్న స్వీడన్ దళం ఒంటరిదైపోయింది. రెండుసార్లు తిప్పికొట్టింది, మూడో దాడిలో పట్టుబడింది. 1719లో అవే గ్యాలీలు వేల మంది సైనికుల్ని దించి స్వీడన్ తూర్పు తీరం పొడుగునా ఊళ్లు తగలబెట్టాయి. నార్‌షోపింగ్, న్యూషోపింగ్ బూడిదయ్యాయి. స్వీడన్ పెద్ద ఓడలు అప్పుడూ ఉన్నాయి. లంకల లోపలికి రాలేక బయటి సముద్రంలోనే ఉండిపోయాయి. 1721 సంధితో స్వీడన్ బాల్టిక్ తూర్పు ఒడ్డు పోగొట్టుకుంది. 1741 నుంచి 1743 దాకా జరిగిన ఇంకో యుద్ధంలో ఫిన్లండ్‌లోని సైన్యం హెల్సింకీ దగ్గర చుట్టుముట్టబడి లొంగిపోయింది.

ఆ తర్వాత వచ్చినవాడు ఆగస్టిన్ ఎహ్రెన్స్‌వార్డ్. ఫిరంగి దళపు మనిషి. హెల్సింకీ ముందున్న దీవుల మీద 1748లో స్వేబోర్గ్ కోట మొదలుపెట్టాడు (ఇప్పుడు సుఒమెన్లిన్నా, 1991 నుంచి యునెస్కో జాబితాలో ఉంది). కోట ఒక్కటీ సరిపోదు, కోటను ఆనుకుని లంకల్లో తిరిగే దళం ఉండాలని పట్టుబట్టాడు. తీరం వెంట నడిచే సైన్యానికి ఒక పక్క భుజం కాయడం, దారిలో వెనక నుంచి శత్రువు దిగకుండా చూడడం, తిండీ మందుగుండూ మోయడం, అవసరమైతే సైనికుల్ని శత్రువు వీపున దించడం దాని పని. ఇవన్నీ సైన్యపు పనులే, అందుకే సైన్యం కింద పెట్టారు. తెడ్లు వేసింది కూడా సైనికులే. మధ్యధరా సముద్రంలోలాగా గొలుసులు వేసిన ఖైదీలు, బానిసలు కారు. మీ వ్యాసం ఇక్కడ తెడ్లు వేసినవాళ్లను కూడా బానిసలనే రాసింది. ఒడ్డున దిగి తుపాకీ పట్టాల్సినవాడే పడవలో తెడ్డు పట్టేవాడు. ఖైదీ చేతికి తుపాకీ ఇవ్వలేరు కదా.

పడవలు గీసే పని ఫ్రెడ్రిక్ హెన్రిక్ అఫ్ చాప్మన్ చేతికి వచ్చింది. స్వీడన్‌లోని యోతెబొరిలో (ఇంగ్లీషులో గోథెన్‌బర్గ్) ఇంగ్లీషు తల్లిదండ్రులకు పుట్టినవాడు. ఓడ కట్టడాన్ని వడ్రంగి కంటి అంచనా నుంచి లెక్కల్లోకి తెచ్చినవాళ్లలో ముందువరసలో ఉంటాడు. అతని ముందున్న చిక్కు ఇది. పాత గ్యాలీకి ఫిరంగులు ముక్కు దగ్గర మాత్రమే ఉంటాయి, పక్కలంతా తెడ్లే. తెడ్డువాళ్లకు మరుగు లేదు. గాలికి బాగా నడవదు, పెద్ద అలకు తట్టుకోదు. మరి తెరచాప ఓడకు పక్కల నిండా ఫిరంగులుంటాయి గానీ లంకల్లోకి రాదు. రెంటినీ కలిపి ఒకే ఓడ చేయగలమా అని చాప్మన్ ఏళ్ల తరబడి ప్రయత్నించాడు.

ఆ ప్రయత్నాలకు ఫిన్లండ్ మండలాల పేర్లే పెట్టారు. ఉడెమా, తురుమా, పొయామా, హెమ్మెమా. ఉడెమాలో 9 ఫిరంగులు ఓడ నడిమధ్య ఒకే వరసలో, తిరిగే బండ్ల మీద ఉంటాయి. ఏ పక్కకు కావాలంటే ఆ పక్కకు తిప్పి పేల్చవచ్చు. కాగితం మీద గొప్ప ఆలోచన. నీటి మీదకొచ్చేసరికి తెడ్డూ ఫిరంగీ ఒకే చోటు కోసం కొట్లాడుకున్నాయి. తురుమాలో ఫిరంగులు మామూలు ఓడల్లోలాగా పక్కల్లో, వాటి పై అంతస్తులో తెడ్లు. తెడ్డు నీటికి అంత ఎత్తున ఉంటే పొడుగు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, నీటిని తాకే కోణం చెడుతుంది. ఎంత గుంజినా సగం బలం గాలికే పోతుంది. హెమ్మెమాలో దాన్ని దిద్ది తెడ్లను ఫిరంగుల అంతస్తుకే దించాడు, ఫిరంగి కన్నాల మధ్య తెడ్ల కన్నాలు పెట్టాడు. తర్వాత కట్టిన పెద్ద హెమ్మెమాల్లో 20 జతల తెడ్లు, తెడ్డుకు నలుగురు. అంటే గుంజడానికే 160 మంది. అయినా ఈ పెద్ద జాతి ఓడలకు తెడ్ల మీద ఒక నాట్ వేగం (గంటకు రెండు కిలోమీటర్లు కూడా కాదు) అందుకోవడమే గగనం. గాలి పడిపోయిన రోజున అవి ఓడలు కావు, తేలే కోటగోడలు. కోటగోడగా నిలబెట్టి వాడుకుంటే బలం, కదలమంటే కష్టం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే 1789లో ఏమైందో, 1790లో ఏమైందో రెండూ తెలిసిపోతాయి.

అసలు మేలైన పని చాప్మన్ 1770ల్లో చేశాడు, అదీ ఓడను చిన్నది చేసి. ఫిరంగి పడవ అన్నమాట. మీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం దక్కలేదు కాబట్టి దగ్గరగా చూపిస్తాను.

పొడవు సుమారు 20 మీటర్లు. సరుకూ మనుషులూ ఎక్కాక కూడా మొలలోతు నీళ్లు చాలు. దాదాపు 60 మంది. ఫిరంగులు రెండే, ముక్కున ఒకటి, వెనక కొనన ఒకటి. కానీ ఆ రెండూ 24 పౌండ్లవి. అంటే గుండు బరువు 10 కిలోల పైమాట, ఫిరంగి బరువు రెండు టన్నులకు పైమాట. పెద్ద యుద్ధనౌక కింది అంతస్తులో ఉండే జాతి ఫిరంగిని ఒక పొడుగాటి పడవకు తగిలించాడు. అంత బరువు పడవ కొనన ఉంటే గాలిలో అది ముక్కు నీటిలో గుచ్చుకుని మునుగుతుంది. అందుకని ఫిరంగి చక్రాల బండి మీద కాకుండా పడవ పొడుగునా వేసిన జారుడు దూలాల మీద కూర్చుంటుంది. ప్రయాణంలో తాళ్లూ కప్పీలూ కట్టి దాన్ని పడవ నడుములోకి, అడుగుకు లాగేస్తారు. అప్పుడు అదే బరువు పడవను నిలకడగా ఉంచే అడుగుబరువుగా పనికొస్తుంది. శత్రువు కనబడ్డాక తెరచాపలు దించి, రెండు కొయ్యస్తంభాలూ పడుకోబెట్టి, ఫిరంగిని మళ్లీ ముక్కుకు జరుపుతారు. అప్పటి నుంచి తెడ్లే.

ఫిరంగి పడవ పొడుగు వైపే పేలుతుంది, అడ్డంగా కాదు. ఎందుకంటే పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ అడుగుదూలం వెంట పోతే పడవ మొత్తం దాన్ని తీసుకుని నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది, అంతే. అదే దెబ్బ అడ్డంగా తగిలితే ఇంత సన్నటి, లోతు లేని పడవ ఒరిగిపోతుంది. దాంతో ఇంకో సంగతి వచ్చి పడింది. ఫిరంగిని పక్కకు తిప్పలేరు కనుక గురి పెట్టాలంటే పడవనే తిప్పాలి. ఎడమ తెడ్లు ఒకటి గుంజు, కుడి తెడ్లు ఆగు, అంటూ అరవై మందీ కలిసి గురి చూస్తారన్నమాట. తెడ్డువాళ్ల అలవాటు చెడితే గుండు ఎటో పోతుంది. నీరు కదలకుండా ఉన్నప్పుడు ఇది పెద్ద ఓడకు ప్రాణాంతకం. ఎదురుగా వచ్చే పడవ ముక్కు మాత్రమే కనబడుతుంది, నీటి మీద ఎత్తు కూడా లేదు. పెద్ద ఓడ ఎత్తైన అంతస్తు నుంచి దాన్ని కొట్టడం, మేడ మీద నుంచి దూరాన ఉన్న కుండను రాయితో కొట్టడం లాంటిది. పడవవాడికి మాత్రం ఎదురుగా గోడంత ఓడ. అదీగాక అతని గుండు నీటిగీత దగ్గరే తగులుతుంది.

దీని లోపాలు కూడా ఇందులోంచే వస్తాయి. కొంచెం అల లేస్తే ముక్కు లేచీ దిగీ ఒక గుండు నీట్లోకి, ఒక గుండు ఆకాశంలోకి పోతుంది. నీటి తుంపర మందును తడిపేస్తుంది. పడవకు పైకప్పు లేదు, ఇనుప ముక్కల దెబ్బ పడితే తెడ్డు బల్లల మీదివాళ్లు ఒక్క దెబ్బకు వరసగా పడిపోతారు. ఒక పక్క తెడ్డువాళ్లు పోతే గురీ పోయినట్టే. నీటిగీత దగ్గర చిల్లు పడితే రెండు ఫిరంగుల బరువుకు నిమిషాల్లో మునుగుతుంది. అందుకే ఇవి ఒంటరిగా కాక గుంపుగా, లంక చాటును వదలకుండా పోరాడాయి. రాత్రి పడవలో పడుకోవడానికి చోటు లేదు, లంక మీద దిగి డేరా వేసుకోవాలి, అక్కడే వండుకోవాలి. తాగే నీళ్లు, గంజి, రొట్టె మోసే పడవలు వెనక రావాలి. ఆ వరస తెగిపోతే దళం ఆగిపోతుంది. వీటికంటే చిన్న పడవ ఇంకోటి ఉంది. ఒకే ఫిరంగి, అదీ వెనక కొనన, రెండు డజన్లకు కాస్త అటూఇటూగా మనుషులు. అది యుద్ధానికి వీపు తిప్పి వెళ్తుంది. పేల్చాక ముందుకు తెడ్లు వేసుకుంటూ బయటపడడానికి తిప్పుకోవాల్సిన పని లేదు. నాకు చాప్మన్ తెలివంతా ఈ చిన్న పడవలోనే కనబడుతుంది.

ఇక స్వెన్స్క్‌సుండ్. ఇప్పటి కోట్కా ఊరి ముందున్న లంకల మధ్య జలసంధి అది. అక్కడ రెండు యుద్ధాలు జరిగాయి, మీ వ్యాసం రెంటినీ ఒకటి చేసింది.

మొదటిది 1789 ఆగస్టు 24న. స్వీడన్ సేనాని కార్ల్ ఆగస్ట్ ఎహ్రెన్స్‌వార్డ్, స్వేబోర్గ్ కట్టినాయన కొడుకు. రష్యా వైపు నస్సావు-జీగెన్ రాకుమారుడు. ఉత్తరపు ఇరుకు పాయలో స్వీడన్‌వాళ్లు పాత ఓడల్ని ముంచి దారి మూశారు. దక్షిణం నుంచి వచ్చిన రష్యా దళం ఒకదాన్ని గంటల తరబడి ఎదుర్కొన్నారు. ఈలోగా ఉత్తరాన రష్యన్లు మునిగిన ఓడల్ని గొడ్డళ్లతో నరికి దారి చేసుకున్నారు. అటు స్వీడన్‌వాళ్ల మందుగుండు అయిపోయింది, ఇటు వెనక తలుపు తెరుచుకుంది. వెనక్కి తగ్గమని ఆజ్ఞ వచ్చినప్పుడు చిన్న పడవలు చాలావరకు తప్పించుకున్నాయి. పెద్ద తురుమాలు కదల్లేక పట్టుబడ్డాయి. ముందు చెప్పిన ఒక నాట్ సంగతి ఇదే.

రెండోది 1790 జూలై 9, 10 తేదీల్లో. వారం ముందే, జూలై 3న, వీబోర్గ్ అఖాతంలో ముట్టడిని చీల్చుకుని నష్టపోయి వచ్చిన స్వీడన్ దళాలు ఇక్కడ చేరాయి. రాజు గుస్తావ్ 3 స్వయంగా అక్కడున్నాడు, పోరు నడిపిన బుర్ర మాత్రం కార్ల్ ఓలోఫ్ క్రోన్‌స్టెడ్ట్ అనే అధికారిది. నస్సావు-జీగెన్ జూలై 9నే ఎందుకు ఎంచుకున్నాడంటే, పాత రష్యా పంచాంగం ప్రకారం అది జూన్ 28, కాథరిన్ రాణి గద్దెనెక్కిన రోజు. రాణికి గెలుపును కానుకగా ఇద్దామనుకున్నాడు. తేదీ కోసం తొందరపడి, రాత్రంతా తెడ్లు వేసి అలిసిన మనుషుల్ని ఉదయమే పోరులోకి దింపాడు.

స్వీడన్‌వాళ్లు ఈసారి పెద్ద ఓడల్ని లంగరు వేసి మధ్యలో గోడలా నిలబెట్టారు, కదలమని అడగలేదు. రెండు పక్కల లంకల చాటున ఫిరంగి పడవల్ని పెట్టారు. రష్యా వరస ఆ సంచిలోకి వచ్చింది. మధ్యాహ్నానికి నైరుతి గాలి పెరిగింది. పెద్ద అల లేచి రష్యా గ్యాలీలనూ తెడ్ల ఫ్రిగేట్లనూ (తెడ్లు కూడా ఉన్న మధ్యరకం తెరచాప యుద్ధనౌకలు) స్వీడన్ ఫిరంగుల మీదికే నెట్టింది. తిరుగుదామంటే వెనక నుంచి ఇంకో వరస వస్తోంది, పక్కకు తిప్పితే రాయి. తెడ్డువాళ్లలో సత్తువ అయిపోయాక ఓడ గాలి చెప్పినట్టే పోతుంది. పక్కల నుంచి ఫిరంగి పడవలు, లంకల చాటున అల తగ్గిన నీళ్లలో నిలకడగా నిలబడి, ఒరిగిన ఓడల్ని ఏరి ఏరి కొట్టాయి. ఉదయం మొదలై రాత్రి దాకా సాగింది. జూలైలో ఆ తావున చీకటి పెద్దగా పడదు. రష్యా దాదాపు మూడో వంతు ఓడలు పోగొట్టుకుంది. చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి సుమారు 9,500 మంది. స్వీడన్ నష్టం సుమారు 300 మంది. ఆగస్టు 14న వెరెలెలో సంధి. సరిహద్దు ఒక్క అడుగు కూడా మారలేదు.

ఆ రోజు మునిగిన రష్యా ఫ్రిగేట్ సెయింట్ నికొలాయ్ 1948లో కోట్కా దగ్గరే నీటి అడుగున దొరికింది. బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ కాబట్టి ఓడకొయ్యను తొలిచే పురుగు అక్కడ బతకదు. మన బంగాళాఖాతంలో అయితే ఇన్నేళ్లకు కొయ్య మిగిలేది కాదు.

ఈ తెలివి యూరపువాళ్ల సొత్తేమీ కాదు. మన పడమటి తీరంలో మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రే దళంలో గల్లివత్‌లనే తెడ్ల పడవలు ఇదే పని చేశాయి. 40, 50 తెడ్లు, కొన్ని చిన్న ఫిరంగులు. లోతు తక్కువ వాగుల్లో దాక్కుని, గాలి పడిపోయినప్పుడు వచ్చి, పెద్ద ఓడ ఫిరంగులు తిరగని వెనక వైపు నుంచి కొట్టడం. స్వీడన్ తన లంకల దళాన్ని పెట్టుకున్న 1756లోనే, ఫిబ్రవరిలో, ఇంగ్లీషువాళ్లు వాట్సన్, క్లైవ్ కలిసి ఆ తీరాన ఆంగ్రేల కోట విజయదుర్గ్ పట్టుకున్నారు. కాన్హోజీ కొడుకు తులాజీ ఆంగ్రే ఓడలన్నీ ఒకే రేవులో ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. ఒక ఓడకు అంటిన నిప్పు మిగతా వాటికి పాకి దళమంతా ఒక్క రోజులో కాలిపోయింది. తెడ్ల పడవకు బలం పరుచుకోవడంలో ఉంది. ఒకచోట కుప్ప పోస్తే అది కట్టెల మోపు. ఒకే ఏడాది, ఒకే జాతి పడవ, ఒకచోట పుట్టుక, ఒకచోట చావు. మీ వ్యాసం ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఉంటే పాఠకులకు ఎంత బాగుండేది!

ఇక తెడ్ల పడవలు 'పెద్ద ఓడల ముందు నిలవలేవు' అన్న మీ వ్యాసం మాటకు జవాబుగా 1808 అక్టోబర్ 20 చాలు. కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ నౌకాదళాన్ని బ్రిటిష్‌వాళ్లు ఎత్తుకుపోయాక, డేన్లు ఇదే తీరు ఫిరంగి పడవలు కట్టుకున్నారు. 64 ఫిరంగుల బ్రిటిష్ ఓడ ఆఫ్రికా, గాలి లేని మధ్యాహ్నం డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య జలసంధిలో నిలిచిపోయింది. పడవలు దాని ముక్కుకూ వెనక్కూ, అంటే దాని ఫిరంగులు పేలని రెండు వైపులా చేరి సాయంత్రం దాకా కొట్టాయి. చీకటి పడకపోతే అది పట్టుబడేదే.

స్వీడన్ లంకల దళం అంతం గురించి కూడా మీ వ్యాసం తప్పు చెప్పింది. ఆవిరి ఓడలు రాకముందే, తెడ్ల వల్ల కాకుండా, మంచు వల్ల దెబ్బతింది. బాల్టిక్ ఉత్తరం చలికాలంలో గడ్డకడుతుంది. దళమంతా కోట రేవులో ఒడ్డుకెక్కి ఉంటుంది. 1808 ఫిబ్రవరిలో రష్యన్లు దాడికి దిగింది ఆ అదను చూసే. స్వేబోర్గ్ చుట్టూ నీళ్లు లేవు, నడిచే నేల ఉంది. కోట సేనాని ఎవరనుకుంటున్నారు? 1790లో స్వెన్స్క్‌సుండ్ గెలిపించిన క్రోన్‌స్టెడ్టే. మే 3లోగా స్వీడన్ నుంచి కనీసం 5 పెద్ద యుద్ధనౌకలు రాకపోతే లొంగిపోతానని ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్నాడు. మంచు కరగలేదు, ఓడలు రాలేదు. సుమారు 7,500 మంది, సుమారు 110 పడవలు ఒక్కటి కూడా నీట దిగకుండానే రష్యా చేతికి పోయాయి. మరుసటి ఏడు ఫిన్లండ్ కూడా పోయింది. మిగిలిన దళాన్ని 1823లో పెద్ద నౌకాదళంలో కలిపేశారు.

మన బందరు కోటకు కూడా ఇలాంటిదే జరిగింది. చుట్టూ అడుసు ఉంది, ఇటు నుంచి ఎవరూ రాలేరని ఫ్రెంచివాళ్లు ధీమాగా ఉంటే, 1759 ఏప్రిల్ రాత్రి కల్నల్ ఫోర్డ్ మనుషులు ఆ అడుసులోంచే వచ్చారు.

అందుకని నా కోరిక. వచ్చే ఆదివారం ఆ బొమ్మ కింది రాతను సరిచేయండి. లేదా బొమ్మ తీసేసి చాప్మన్ ఫిరంగి పడవ గీత ఒకటి వేయండి, జారుడు దూలాల మీద ఫిరంగి ముక్కున ఉన్నప్పుడు ఒకటి, నడుములోకి లాగినప్పుడు ఇంకోటి. 'నాటు పడవలు' అని అనువదించిన చోట 'తెడ్ల ఫిరంగి పడవలు' అని మార్చండి. తెడ్లు వేసిన సైనికుల్ని బానిసలన్న వాక్యం మాత్రం పూర్తిగా తీసేయాలి.

ఇట్లు,
నౌకా చరిత్ర పాఠకుడు,
గవర్నర్‌పేట, విజయవాడ